చెల్లె కారు తెరలు

కార్ల అద్దాలకు నల్ల కాగితం అంటించుకోవడం ఈ మధ్య వచ్చిన షోకు అనుకుంటారు అందరూ. నాకు నవ్వొస్తుంది. తాము లోకాన్ని చూడాలి, లోకం మాత్రం తమను చూడకూడదు అనే ఆశ కారుకంటే పాతది. మా నల్గొండ వైపు దొరసానులు గూడు కట్టిన కచ్చురం బండిలో పోయేటప్పుడు ముందూ వెనకా పరదా కట్టేవారు. ఎద్దులు పోయి ఇంజను వచ్చాక ఆ పరదా బండి దిగి కారెక్కింది. ఆ తర్వాత కొందరు కారు అద్దాలకు ఆకుపచ్చ గాజు కాగితం అంటించి చూశారు. మా ఎండలకు అది పెళుసెక్కి, పొట్టు లేచి, గజ్జి పట్టినట్టు కనిపించేది. అద్దంలోనే రంగు కలిపి చేసేవి మా దాకా రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. ఈ రెంటి నడుమ, బట్ట తెరల కాలంలో, ఒక కారు తెర నా ఇంట్లో, నా మాట మీద తయారైంది. దాని సంగతి తలుచుకుంటే ఇవాళ్టికీ నా కడుపు మండుతుంది.

ఆ కారు మా చెల్లెది. తోడబుట్టిన చెల్లె కాదు, మా చిన్నమ్మ బిడ్డ. ఒకే వాకిట్లో పెరిగాం, ఒకే రాట్నం మీద కండెలు చుట్టాం. నేను నూలు చుట్టిన కండె, మగ్గం మీద అటూ ఇటూ ఉరికే నాడెలో పెడితే చివరి పోగు దాకా సాఫీగా నడిచేది. ఆమె చుట్టింది నడిమిట్లోనే చిక్కుపడేది. మగ్గం మీద కూర్చున్న మా నాయిన "గిది ఎవలు చుట్టిన్రో నాకు తెల్వదా" అని గొణిగేవాడు. పనిలో ఆమె నాకు సాటి రాదని మా వాడ మొత్తానికీ తెలుసు. రంగులో ఒక పిసరు నాకంటే మేలు, అంతే. అది కూడా ఎండన పడకపోవడం వల్ల వచ్చిన రంగు.

నకిరేకల్ నుంచి సంబంధం వచ్చింది నాకు. ఆమెకు కాదు, నాకు. వాళ్లూ మా సాలెవాళ్లే. మగ్గం విడిచిపెట్టి బట్టల దుకాణం పెట్టి, నాలుగు రాళ్లు వెనకేసుకున్నవాళ్లు. పిల్లగాని తల్లి చూడవచ్చింది. మాలో ఒక పద్ధతి ఉండేది: పిల్లను పాట పాడమనరు, నడవమనరు, తెగిన పోగు అతకమంటారు. నన్నూ అడిగింది. నేను మగ్గం ముందు కూర్చుని, తెగిన పోగు కొసలు రెండూ బూడిద అంటిన వేళ్ల మధ్య పెట్టి ఒక్క తిప్పు తిప్పాను. ఎక్కడ అతికిందో తడిమినా దొరకలేదు. ఆమె ఆ పోగు మీద వేలు పెట్టి అటూ ఇటూ నడిపించి, తర్వాత నా చేయి పట్టుకుని అరచేయి తిప్పి చూసింది.

"పనిమంతురాలే. గని చేతులు బండబారినయి. మేం మగ్గం ఇడిచిపెట్టినోళ్లం, మాకు నేసే పిల్ల ఎందుకు?" అంది. అంతటితో ఆగినా బాగుండేది. గడప అవతల చెంబుతో నిలబడి ఉన్న మా చెల్లెను చూసి, "గా నీళ్లు తెచ్చిన పిల్ల ఎవలి పిల్ల?" అని అడిగింది.

పనితనం చూపించి పెళ్లి పోగొట్టుకున్నదాన్ని ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయివుంటాను. మా చెల్లె పెళ్లిలో కూర వడ్డించాను. ఉప్పు ఎక్కువైందని బంతిలో ఎవరో అన్నారు. ఉప్పు వేసింది నేను కాదు, కాని ఆ మాట చెవిన పడగానే ప్రాణం కాస్త చల్లబడింది.

తర్వాత నన్ను మా మేనమామ కొడుక్కి ఇచ్చారు. నకిరేకల్ నుంచి మా పుట్టిన ఊరికి పోయే బాట మీదనే మా అత్తగారి ఊరు. ఆ బాట మా సాలెవాడ నడిమి నుంచే పోతుంది. మా బావ మంచివాడు. నేత అంటే ప్రాణం పెట్టేవాడు. నెమ్మదస్తుడు, గట్టిగా మాట్లాడితే పోగు తెగుతుందేమో అన్నట్టు మాట్లాడేవాడు. "అదృష్టవంతురాలివి, మంచి మొగుడు" అని ఎవరైనా అంటే ఆ రోజుల్లో నాకు ఒళ్లు మండేది. మంచి మొగుడు సరే, మరి దుకాణమో?

జాగీర్లు పోయి, పట్నంలో నవాబుల ఇళ్ల సామాన్లు, కార్లు అమ్ముడుపోతున్న కాలం అది. మా చెల్లె అత్తగారివాళ్లు అలాంటి కారొకటి కొన్నారు. పొడుగు ముక్కుతో, బానకడుపు బర్రెలా నల్లగా ఉండేది. ఆ నవాబు ఇంటి ఆడవాళ్లు ఘోషా పాటించేవాళ్లు కాబట్టి అద్దాల పైన లోపలివైపు సన్నని ఇత్తడి కడ్డీలు, వాటికి మఖమల్ తెరలు ఉండేవట. తెరలు పురుగు తిని పోయాయి, కడ్డీలు మిగిలాయి. కడ్డీలు ఉన్నాయి కదా అని వీళ్లు కొత్త తెరలు వేలాడదీశారు. తెరలు ఉన్నాయి కదా అని ఇంటి ఆడవాళ్లను వాటి వెనక కూర్చోబెట్టారు. మా కులంలో ఘోషా ఎక్కడిది? నిన్నమొన్నటి దాకా వీధిలో నిలబడి పడుగుకు గంజి పెట్టినవాళ్లమే అందరం. కడ్డీలతో పాటు ఘోషా కూడా కొన్నారన్నమాట, సెకండ్ హ్యాండులో.

మా చిన్నమ్మకు కీళ్ల నొప్పులు పట్టుకున్నాయి. మా చెల్లె వారం వారం దుకాణానికి సెలవు రోజున అత్తను వెంటబెట్టుకుని కారులో తల్లిని చూడబోయేది. కారు మోత ఊరి బయట వినగానే పిల్లలు ఉరికేవాళ్లు, మగ్గాలు ఆగేవి. నేను మాత్రం ఏదో పనున్నట్టు వాకిట్లోకి వచ్చేదాన్ని. కారు దుమ్ము లేపుకుంటూ పోయేది. ఎర్రని మందపు తెరలు అటూ ఇటూ ఊగేవి. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి తెర జరిపి "అక్కా, బాగున్నవా?" అంటే ఆమె సొమ్మేం పోయేది? నాకు దక్కవలసిన జాగాలో కూర్చుని పోతోంది. ఆ జాగాలో కూర్చున్న మొహం ఎట్లా ఉంటుందో చూడాలని నాకు ఉండేది. నిండుగా ఉందా, వాడిపోయి ఉందా? వాడిపోయి ఉంటే నాలుగు రోజులు హాయిగా నిద్రపోదామని. నిండుగా ఉంటే, అదీ తేలిపోతుంది. తెలియకపోవడమే నన్ను తినేసేది.

ఒక ఎండాకాలం మా బావ నేసిన చీరలు ఇచ్చి రావడానికి నకిరేకల్‌లో చెల్లె అత్తగారివాళ్ల దుకాణానికి పోయి, వస్తూ వస్తూ మొహం వెలిగిపోతూ వచ్చాడు. కారు తెరలు నేసిపెట్టమని అడిగారట. పాత తెరలు మందం, గాలి ఆడదు, మా చెల్లెకు కారెక్కితే చాలు కడుపులో తిప్పుతోందట. గాలి రావాలి, మనుషులు మాత్రం కనిపించకూడదు, అలాంటి బట్ట కావాలన్నారట.

"జిల్లాల గింతమంది సాలోల్లుండంగ నన్నే అడిగిన్రు" అని మా బావ ఒకటే మురిసిపోయాడు.

నన్ను వద్దన్న ఆ ఇంటి కారుకు నా ఇంట్లో తెరలా? మా అత్త పెట్టిన అంబలి కూడా తాగకుండా పడుకున్నాను. పడుకుంటే ఆలోచన వచ్చింది. తెర నా ఇంట్లో తయారైతే, పలచన మందం నా చేతిలో ఉన్నట్టే కదా. కనిపించకూడదని వాళ్లు అన్నారు. కనిపించేట్టు నేయిస్తే సరి.

పడుగు పోసేటప్పుడు నేను మా బావ పక్కనే కూర్చున్నాను. పోగుకూ పోగుకూ మధ్య సందు పెంచమన్నాను. పేకను గట్టిగా కొట్టవద్దన్నాను. నూలుకు నల్లటి నీలిరంగు నేనే అద్దాను. గుడ్డ కొంచెం నేశాక కోసి, మగ్గం గుంటలో కూర్చున్న చోటి నుంచే మొహానికి అడ్డం పెట్టుకుని గుమ్మం వైపు చూశాను. వీధి మొత్తం కనిపించింది. ఎదురింటి అవ్వ బియ్యం చెరగడం, ఆమె చేటలోంచి నూకలు పడటం, ఆ నూకలకు వచ్చిన పిచ్చుక కూడా కనిపించింది. నాకు పట్టరాని సంతోషం వేసింది.

మా బావ కూడా చూశాడు. చూసి కంగారుపడ్డాడు. "ఏందే, అంత సాఫ్‌గ కనిపిస్తాంది. గా సావుకారు తిట్టడా?"

"ఉరికే కారుల ఎవలు చూస్తరు బావా? గాలి ఆడాలె అన్నరు గద, ఆడుతది. నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాను.

తెరలు పోయాయి. కారు వచ్చే రోజున నేను తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని, చేట పట్టుకుని నిలబడ్డాను. కారు వచ్చింది. మేం నేసిన నీలి తెరలే కట్టారు, గుర్తుపట్టాను. వాటి వెనక చూద్దామంటే కాటుక డబ్బాలో చూసినట్టు ఉంది. మనిషి లేదు, మొహం లేదు, గాజుల మెరుపు లేదు. కారు పోయింది. దుమ్ము నా నోట్లో పడింది.

దూరం ఎక్కువైంది కాబోలు అనుకున్నాను. పై వారం బాట అంచుకు పోయి నిలబడ్డాను. ఆ పై వారం మెడ చాచి చూశాను. ఒకసారి కళ్లు చికిలించి, ఒకసారి వంగి, ఒకసారి చేటను ఎండకు అడ్డం పెట్టుకుని చూశాను. ఏమీ లేదు. తెర వెనక ఇంకో తెర కట్టుకుందేమో, నా నేత మీద కూడా నమ్మకం లేదేమో అని కోపం వచ్చి మూతి తిప్పాను, ఉమ్మేశాను, కారు పోయాక చెయ్యి ఊపుతూ తిట్టాను కూడా. కారు మా ఇంటి ముందుకు వచ్చేసరికి కొంచెం నెమ్మదించడం మాత్రం గమనించాను. బాట గుంతలు పడింది కాబట్టి అనుకున్నాను.

వానలు తగ్గాక ఒక పొద్దున మా వాకిటి ముందు వీధిలో పడుగు సాగదీశాం. వీధి పొడుగునా కర్రల మీద నూలు లాగి కట్టి, అందరం అటూ ఇటూ నిలబడి గంజి పెట్టి కుంచెతో దువ్వుతాం. అది ఆరేదాకా ఎవరూ ఆపడానికి లేదు. ఆపితే పోగులన్నీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. పడుగును దాటకూడదు, దాని కింద నుంచి దూరకూడదు. దొర బండైనా ఆగవలసిందే. అట్లాంటి సమయంలో కారు వచ్చింది, ఆగింది. వచ్చే రోజు కాదు అది. డ్రైవర్ దిగి, పడుగును చూసి, మెదలకుండా మగవాళ్ల దగ్గరికి పోయి బీడీ ముట్టించాడు.

నా కుంచె తోడికోడలికి ఇచ్చి నేను కారు పక్కకు పోయాను. అద్దం దించి ఉంది, తెర వేలాడుతోంది. పొద్దుటి ఎండ దాని మీద పడుతోంది. రెండు చేతులూ కళ్లకు అటూ ఇటూ పెట్టుకుని, మొహం తెర దాకా తెచ్చాను. నలుపే. ఇంకా దగ్గరికి పెట్టాను. నలుపే. "ఉత్త కారే వచ్చినట్టుంది" అని పైకే అన్నాను.

"అక్కా, ముక్కుకు గంజి అంటింది, తుడుచుకో."

చెల్లె గొంతే. నా మొహానికి జానెడు దూరం నుంచి వచ్చింది.

"నువ్వున్నవా?" అన్నాను.

"ఎప్పుడు లేను? నీకు నేను కనిపిస్తలేనా?"

"లేదు."

"నాకు నువ్వు నిలువున కనిపిస్తున్నవక్కా. గీ తెరలు కట్టినప్పటి సంది సూస్తనే ఉన్న. తెరనే లేనట్టున్నది. మొన్న చేట అడ్డం పెట్టుకున్నవు. అంతకుముందు మూతి తిప్పినవు. నల్లచుక్కల చీర కట్టుకున్ననాడు ఉమ్మేసినవు." చెబుతూ చెబుతూ నవ్వింది. చిన్నప్పుడు కండె చిక్కుపడినప్పుడు నవ్విన నవ్వే అది.

అప్పుడు అర్థమైంది నాకు మేం చేసిన పని. మాది చీకటి ఇంటి బతుకు. మగ్గం గుంటలో కూర్చుని, గుడ్డను ఎప్పుడూ గుమ్మం వెలుతురుకు పెట్టే చూస్తాం. పుట్టినప్పటి నుంచి బట్టను లోపలి నుంచే చూసినవాళ్లం. ఎండలో నిలబడి చీకట్లోకి చూస్తే అదే బట్ట గోడ అవుతుందని మాకు ఎవరు చెప్పాలి? ఆమెను చూడాలని నేను పెంచిన ప్రతి సందూ ఆమెకు నన్ను చూపించింది. నా వేలితో నా కన్నే పొడుచుకున్నట్టయింది.

సిగ్గు మింగుకుని అడిగాను. "ఒక్కసారి తెర తియ్యవే. నిన్ను చూస్త."

"తియ్యనక్కా" అంది. "మా అత్త ఇయ్యాల రాలే, గందుకే ఇంత మాట్లాడుతున్న. దుకాణంల నా మాట ఎవలు ఇంటరు? ఇంట్ల నేను కోడల్ని. గీ కారు సుత మా అత్త కారే. ఆమె ఎక్కుమంటే ఎక్కాలె, దిగుమంటే దిగాలె. నువ్వు గట్ల ఎండల నిలబడి కండ్లల్ల నిప్పులు పోసుకుంటవు సూడు, గప్పుడు అనిపిస్తది గీ కారు నాదని. మీ ఇల్లొచ్చినంక జర మెల్లగ పొమ్మని డ్రైవర్‌కు నేనే చెప్పిన. నన్ను సూస్తే గది పోతది. నేను తియ్యను."

పడుగు ఆరింది. మావాళ్లు కర్రలు పక్కకు జరిపారు. డ్రైవర్ వచ్చి కారు తీశాడు. నేను ముక్కు తుడుచుకుంటూ నిలబడ్డాను.

ఆమె సుఖంగా లేదని తెలిసింది కదా, నాలుగు రోజులు నిద్రపోవలసింది. నిద్ర ఎక్కడిది? కారు ఆమె అత్తది, దుకాణం మామది, ఆమెకంటూ ఉన్నది నా ఏడుపు ఒక్కటే. ఆ నగ నేనే చేయించి, వారం వారం వాకిట్లో నిలబడి ఆమె మెడలో వేసి వస్తున్నాను. అంత ఆస్తి ఉన్న ఇంటి కోడలికి ఆ నగ కూడా నేను ఎందుకు పెట్టాలి?

మళ్లీ కారు వచ్చే రోజున మా బావను మగ్గం మీది నుంచి లేపాను. "బయటికి రా. వాకిట్ల కూసుందాం."

"ఏందే, పొద్దుగాల పొద్దుగాల? సగం చీర మగ్గం మీదున్నది."

"ఉండనీ. కూసొని నాతోటి నవ్వుకుంట మాట్లాడు."

మొగుడూ పెళ్లాం వీధి అరుగు మీద పక్కపక్కన కూర్చుని నవ్వుకోవడం ఆ కాలంలో చిన్న విషయం కాదు. ఎదురింటి అవ్వ చెరగడం ఆపి చూసింది. నేను తలలో బంతిపూలు పెట్టుకున్నాను. ఏం మాట్లాడాలో తెలియక మా బావ నూలు బాగాలేదని చెప్పడం మొదలుపెట్టాడు. కారు మోత వినిపించింది. "నవ్వు బావా, నవ్వు" అన్నాను పళ్ల సందున. ఆయన బిక్కమొహం వేసుకుని నా వైపు తిరిగి, "ఇంకొంచెం దగ్గరికి జరుగనా, లేక గంజి పెట్టి అతికియ్యనా?" అన్నాడు.

అంత నెమ్మదస్తుడి నోటి నుంచి ఆ మాట వస్తుందని నేను అనుకోలేదు. నవ్వు తన్నుకొచ్చింది. నటన కాదు, పొట్ట పట్టుకుని నవ్వాను, కళ్లలో నీళ్లు వచ్చాయి. ఆయన భుజం మీద చెయ్యి వేశాను కూడా. వీధి మరచిపోయాను, కొన్ని క్షణాలు కారును కూడా మరచిపోయాను. గుర్తొచ్చి తల తిప్పేసరికి కారు మా ఇంటి ముందు ఎప్పటిలా నెమ్మదించి ఉంది. అంతలోనే ఉలిక్కిపడ్డట్టు ముందుకు దూకి, గుంతలనైనా చూడకుండా పోయింది.

పై వారానికి తెరలు మారాయి. పట్నం నుంచి తెప్పించిన మందపాటి మఖమల్ తెరలు. మా బావ దుకాణానికి పోతే మేం నేసినవి మడతపెట్టి తిరిగి ఇచ్చారట. ఆయన వాటిని చేతిలో పట్టుకుని రెండు రోజులు బాధపడ్డాడు. "నా నేతల ఏం తప్పు దొరికిందే? చిరగలే, రంగు పోలే" అన్నాడు.

"నీ నేతల తప్పు లేదు బావా. జర ఎక్కువ మంచిగున్నది" అన్నాను.

ఆ పై వారం కూడా నేను పూలు పెట్టుకుని వాకిట్లోకి వచ్చాను. అప్పటికి నా నోటి నుంచి సంగతంతా విన్న మా బావ మగ్గం గుంటలోంచి పిలిచాడు. "ఇంక లోపలికి రా పిల్లా. గా మందపు తెరల నుంచి నువ్వు నీ చెల్లెకు కనిపిస్తలేవు."

"కనిపియ్యకుంటె ఏమాయె? నేను నిలబడ్డనని దానికి తెల్వదా?"

కారు వచ్చింది. మా ఇంటి ముందుకు వచ్చేసరికి నెమ్మదించింది. తెర కదలలేదు. నేనూ కదలలేదు.